రొట్టె కాల్చిన చెయ్యి, గ్లాసు కడిగిన చెయ్యి

ఒక మనిషి ఇంకో మనిషి చేతి వంట తింటాడా, తినడా అన్న దాని మీద కులం ఎంతగా నిలబడి వుందో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. గుడి సంగతి చెపుతాయి, బావి సంగతి కొంచెం చెపుతాయి. హోటలు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నిజానికి పల్లెటూళ్ళో గుడి తలుపులు మూసి వున్నా బతుకు గడిచిపోతుంది. హోటలు ముందు నిలబడకుండా రోజు గడవదు. కూలికి పోయేవాళ్ళు తెల్లారే గుక్కెడు టీ తాగేది అక్కడే. ఎవరి కళ్ళంలో పనుందో తెలిసేది అక్కడే. పేపరు చదివేది, పంచాయితీ కబుర్లు పుట్టేది, ఎన్నికల లెక్కలు తేలేది కూడా అక్కడే. అందువల్ల హోటల్లో బల్ల మీద కూచోలేని మనిషి పోగొట్టుకునేది టీ ఒక్కటే కాదు. వూరి వ్యవహారంలో తన వంతు మాట కూడా పోగొట్టుకుంటాడు.

ఈ వ్యాసం అలాంటి చిన్న హోటలు గురించి. ముఖ్యంగా రొట్టె, బన్ను అప్పటికప్పుడు భట్టీలో కాల్చి వేడివేడిగా అమ్మే హోటలు గురించి. భావనపాడు లాంటి తీరపు వూళ్ళో అలాంటి హోటలు ఒకటి నిలబడాలంటే ఏమేం దాటాలి, అందులో ఎవరు కాలుస్తారు, ఎవరు కూచుంటారు, గల్లాపెట్టె దగ్గర ఎవరుంటారు అన్నవి ఇక్కడి ప్రశ్నలు. ఫలానా దుకాణాన్ని వేలెత్తి చూపడం దీని ఉద్దేశం కాదు. ఎవరి వూళ్ళో హోటల్ని వాళ్ళు చదువుకోవడానికి పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్పడమే ఉద్దేశం.

భావనపాడు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో వుంది. ఒక పక్క బంగాళాఖాతం, లోపలికి వస్తే తంపర భూములు, కొంచెం ఎడంగా నౌపడా వుప్పు మళ్ళు. తీరాన వేట, లోపల వరి, మళ్ళలో కూలి. వేటకి పోయే కులాలు బీసీల్లో వున్నాయి. ఈ ప్రాంతపు ఎస్సీల్లో మాల, మాదిగలతో పాటు పైడి, రెల్లి, దండాసి లాంటి కులాలున్నాయి. తంపర భూముల కోసం కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా జనం పోరాడితే 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు. భావనపాడు పోర్టు పేరుతో మొదలైన ప్రతిపాదన పక్కనున్న మూలపేటకి చేరి, 2023 ఏప్రిల్ 19న అక్కడ శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే లారీలు వస్తాయి, లారీల వెంట హోటళ్ళు వస్తాయి. ఆ హోటళ్ళలో మనవాళ్ళు ఏ మూల వుంటారన్నది ఇప్పుడే అడగవలసిన మాట.

రొట్టెకి ఎన్ని చేతులు

రొట్టెకి కావలసిన సరుకు తక్కువ. మైదా, నీళ్ళు, వుప్పు, కొంచెం పంచదార, ఈస్టు. కావలసిన శ్రమ మాత్రం ఎక్కువ. పొద్దున్న ఆరు గంటలకి వేడి రొట్టె బల్ల మీదకి రావాలంటే ముందు రోజు సాయంత్రమే పిండి తడపాలి. తడిపిన పిండిని చాలాసేపు మర్దించాలి. అది పులిసి పొంగేదాకా ఆగాలి. పొంగిన పిండిని అణిచి, ముద్దలు చేసి, రేకు డబ్బాల్లో పెట్టి, మళ్ళీ పొంగనివ్వాలి. ఈలోగా ఇటుకల భట్టీలో కట్టెలు పేర్చి మండించాలి. ఇటుకలు బాగా కాగాక నిప్పులు బయటికి లాగేసి, తడి గోనెపట్టాతో నేల తుడిచి, పొడుగాటి చెక్క తెడ్డుతో డబ్బాలు లోపలికి తొయ్యాలి. మంట ఆరిపోయాక ఇటుకల్లో మిగిలిన వేడి మీదే రొట్టె కాలుతుంది. అర్ధరాత్రి నిద్ర కాల్చినవాడిది. పొద్దుటి కమ్మటి వాసన తినేవాడిది. మైదా దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చిన వాళ్ళకి ఉబ్బసం వస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. ఆ జబ్బుకి బేకరీ పనివాళ్ళ పేరే పెట్టారు.

ఇప్పుడు ఈ పనిని మడి లెక్కలో పెట్టి చూడండి. కులం తిండిని మూడు నాలుగు రకాలుగా విడగొట్టింది. చెట్టు నుంచి కోసిన పండు ఎవరు తెచ్చినా ఫరవాలేదు. నేతిలో, నూనెలో వేయించినది కొంతవరకూ ఫరవాలేదు. నీళ్ళు పోసి వండిన అన్నం మాత్రం ఎవరి చేతిదో తెలియాలి. అంటే ధాన్యానికి నీళ్ళు తగిలి, దానికి మనిషి చెయ్యి తగిలితే ఆ చేతి కులం తిండిలోకి ఎక్కుతుందని ఈ లెక్క చెపుతుంది. రొట్టె ఈ లెక్క ప్రకారం అన్నం కన్నా అన్యాయమైనది. పిండికి నీళ్ళు పోస్తారు. చేతుల్తో గంటల తరబడి పిసుకుతారు. ఆ పైన పులియబెడతారు, రాత్రంతా నిలవ పెడతారు. మడి కట్టుకున్నవాడికి ఇందులో ఏ మెట్టూ మింగుడు పడదు.

అయినా ఈ రోజు ఆ ఇళ్ళల్లోకే ప్యాకెట్టు రొట్టె నిక్షేపంగా పోతోంది. దాన్ని పిసికింది ఎవరో, కాల్చింది ఎవరో, కోసింది ఎవరో ఎవరూ అడగరు. ఎందుకని? ప్యాకెట్టు చేతిని దాచేస్తుంది కాబట్టి. అదే రొట్టెని వూళ్ళో తెలిసిన మనిషి, పేట నుంచి వచ్చిన మనిషి కళ్ళముందు కాల్చి ఇస్తే అప్పుడు మైల గుర్తొస్తుంది. దీన్నిబట్టి మైల రొట్టెలో లేదు, చేతిలోనూ లేదు. ఆ చెయ్యి ఫలానావాడిదని తెలియడంలో వుంది. తెలిసినవాణ్ణి కింద వుంచాలన్న పట్టుదలలో వుంది. దళితుల ఇంటికి వచ్చిన పెద్దమనుషులు ఇంట్లో వండినది వదిలిపెట్టి ప్యాకెట్టు బిస్కెట్టు, సీసా నీళ్ళు పుచ్చుకోవడం కూడా ఈ లెక్కలోదే. ప్యాకెట్టు పుచ్చుకుంటే మర్యాదా దక్కుతుంది, దూరమూ దక్కుతుంది.

రొట్టె మనదాకా వచ్చిన దారి

పులిసిన రొట్టెని పడమటి తీరానికి తెచ్చింది పోర్చుగీసువాళ్ళు. అక్కడ పిండి పులియడానికి కల్లు వాడేవారు. కల్లు కలిసిన రొట్టె, పరాయి మతం వాడి చేతి రొట్టె. దాంతో గోవా, వసాయి ప్రాంతాల్లో ఒక కథ పుట్టింది. బావిలో రొట్టె ముక్క వేశారట, ఆ నీళ్ళు తాగిన వూరంతా మతం పోగొట్టుకుందట. నిజం ఎంతో అలా వుంచండి. ఒక రొట్టె ముక్కతో వూరి ధర్మం మొత్తం కరిగిపోతుందని నమ్మేటంత పెళుసుగా వుంది ఆ ధర్మం. ఇది గమనించాలి.

మన వైపు రొట్టె దండు బజార్ల వెంట, రైలు వెంట, మిషన్ల వెంట వచ్చింది. లండన్ మిషన్ వాళ్ళు 1805లో విశాఖపట్నంలో దిగారు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో మొదలుపెట్టి ఉత్తరాంధ్ర దాకా విస్తరించారు. చర్చిలో రొట్టె విరిచి అందరూ పంచుకోవడం అన్నది అంటరాని కులాలవాళ్ళకి మామూలు సంగతి కాదు. ఒకే రొట్టె, ఒకే గిన్నె. ఆ ఒక్క చర్య వెయ్యి ఉపన్యాసాల పెట్టు. అయితే కులం అక్కడికీ వచ్చింది. దక్షిణాదిన కొన్ని చర్చిల్లో అగ్రకులాల క్రైస్తవులు వేరే కూచున్నారు, ముందు తమకే ఇవ్వాలన్నారు. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో చర్చిలో కులం తేడాలు పనికిరావని ఆజ్ఞాపత్రం పంపితే తంజావూరు వైపు చాలామంది ఎదురు తిరిగారు. మతం మారినంత మాత్రాన పంక్తి మారదని ఆ గొడవ చెప్పింది.

మిగతా జనానికి మాత్రం రొట్టె చాలాకాలం జ్వరం తిండి. ఉత్తరాంధ్రలో ఆరోగ్యంగా వున్నవాడికి చోడంబలి, చద్దన్నం. ఒళ్ళు కాలితే రొట్టె, పాలు. ఆస్పత్రి రొట్టెకి కులం అడ్డం రాలేదు. ప్రాణం మీదకి వచ్చినప్పుడు శాస్త్రం సడలుతుందని మనవాళ్ళకి తెలియనిది కాదు.

బల్ల అందరిదీ అయిన చోట్లు

తెలుగు నేల మీద రొట్టెనీ, టీనీ కలిపి అందరికీ అందుబాటులోకి తెచ్చినవి హైదరాబాదు, సికింద్రాబాదు ఇరానీ హోటళ్ళు. ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు పోయిన శతాబ్దం మొదటి సగంలో వీటిని పెట్టాయి. ఆబిడ్స్ దగ్గర గ్రాండ్ హోటలు 1935 నాటిది. సికింద్రాబాదు స్టేషను ఎదుట ఆల్ఫా హోటలు పేరు రైలు దిగిన ప్రతి కూలీకీ తెలుసు. చార్మినారు పక్కన నిమ్రా 1993లో వచ్చింది. మూలమలుపు దుకాణం, రాతి పలకల బల్లలు, భట్టీ నుంచి వచ్చే బన్ను, ఉస్మానియా బిస్కెట్టు. డబ్బులిచ్చినవాడు కూచోవచ్చు. పేరు అడగరు, వూరు అడగరు. రిక్షావాడూ, గుమాస్తా ఒకే బల్లకి రెండు పక్కలా కూచునేవారు.

ఇది యజమానుల గొప్ప మనసు అనుకోనక్కర్లేదు. వాళ్ళు ఈ దేశపు కులవ్యవస్థకి బయటివాళ్ళు. వాళ్ళ బేరానికి జనం కావాలి. పట్నంలో మనిషి మొహం మీద కులం రాసి వుండదు. ఈ మూడూ కలిస్తే ఆ బల్ల తయారయింది. పల్లెకి ఈ మూడూ లేవు. యజమాని వూరివాడే. గిరాకీ ఎవరో ముందే తెలుసు. ప్రతి మొహానికీ ఒక కులం పేరు తగిలించి వుంటుంది. పట్నం బల్లని పల్లెకి తేవాలంటే కావలసింది కొత్త రుచి కాదు, కొత్త హక్కు.

ఆ హక్కు కోసం జరిగిన పోరాటాల్లో హోటలుకి చోటు పెద్దది. కేరళలో సహోదరన్ అయ్యప్పన్ 1917 మే 29న చెరాయిలో అన్ని కులాలవాళ్ళనీ కూచోబెట్టి మిశ్రభోజనం పెట్టాడు. మహారాష్ట్రలో 1927 మహద్ చెరువు పోరాటానికి ముందే రామచంద్ర మోరే చొరవతో ఆ వూళ్ళో అంటరానివాళ్ళ కోసం ఒక టీ దుకాణం వెలిసింది. సంతకి వచ్చినవాళ్ళు నీళ్ళు తాగడానికి చేరిన ఆ చోటే కబుర్లకీ, కదలికకీ చోటయింది. మద్రాసు రాష్ట్రంలో హోటళ్ళకి బ్రాహ్మణ హోటలు అని బోర్డులు వుండేవి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలు 1953 దాకా ఆ రాష్ట్రంలో భాగమే. ఆ బోర్డు మీద పెరియార్ అనుచరులు 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ ముందు రోజుల తరబడి ఆందోళన చేశారు. బోర్డులో వున్న ఒక్క మాట వంటవాడి కులాన్ని పొగుడుతూ తక్కిన వంటవాళ్ళందర్నీ తిడుతోందని వాళ్ళ వాదన.

చట్టం ఏమంటోంది

రాజ్యాంగసభలో 1948 నవంబరు 29న రెండు సంగతులు తేలాయి. ఒకటి అంటరానితనం రద్దు. రెండోది దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల వాడకంలో వివక్ష కూడదన్నది. ఆ చర్చలో దుకాణం అంటే ఏమిటని ఒక సభ్యుడు అడిగితే, డబ్బు పుచ్చుకుని సేవ చేసే ప్రతి చోటూ దుకాణమేనని అంబేడ్కర్ విశాలంగా అర్థం చెప్పాడు. చాకలి దుకాణమూ వచ్చింది, మంగలి దుకాణమూ వచ్చింది. ఇవే 15(2), 17 అధికరణాలయ్యాయి.

వాటిని అమలుచెయ్యడానికి 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. ఇందులో 4వ సెక్షను హోటల్లోకి రానివ్వకపోవడాన్నే కాదు, హోటల్లో అందరికీ పెట్టిన గిన్నెలు, గ్లాసులు వాడనివ్వకపోవడాన్ని కూడా నేరమంది. శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా వంద నుంచి అయిదు వందలు. 6వ సెక్షను కింద సరుకు అమ్మననీ, సేవ చెయ్యననీ అన్నందుకు శిక్ష పడితే 8వ సెక్షను కింద కోర్టు ఆ వ్యాపారపు లైసెన్సు రద్దు చెయ్యవచ్చు. 12వ సెక్షను ఇంకా ముఖ్యం. బాధితుడు ఎస్సీ అయినప్పుడు ఆ పని అంటరానితనంతోనే జరిగిందని కోర్టు ముందే భావించాలి. కాదని రుజువు చేసుకునే బరువు హోటలువాడిదే.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో దుకాణంలోకి పోనివ్వకపోవడం, బహిరంగ స్థలంలో అందరి కోసం వుంచిన పాత్రలు వాడనివ్వకపోవడం కూడా అత్యాచారాల జాబితాలో చేరాయి. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్ళు. అంటే గ్లాసు చిన్న విషయం కాదని చట్టమే ఒప్పుకుంది.

చట్టం వుండి కూడా గ్లాసులు రెండుగానే వున్నాయి. 2001, 2002 సంవత్సరాల్లో 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో పరిశోధకులు సర్వే చేస్తే దాదాపు మూడో వంతు గ్రామాల్లో టీ దుకాణాల వివక్ష కనపడింది. ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం మీద విచారించిన జస్టిస్ కె. పున్నయ్య ఏకసభ్య కమిషను కూడా రెండు గ్లాసుల పద్ధతిని నమోదు చేసింది. ఆయన శ్రీకాకుళం జిల్లా మనిషే కావడం ఇక్కడి కార్యకర్తలు గుర్తుంచుకోవలసిన సంగతి.

పద్ధతి మాత్రం రూపం మార్చింది. పూర్వం దోసిట్లో పోసేవారు, కొబ్బరి చిప్పలో పోసేవారు. తరవాత చూరులో వేరే గ్లాసు పెట్టి, తాగినవాడే కడిగి పెట్టాలన్నారు. ఇప్పుడు కాగితం గ్లాసు వచ్చింది. అందరికీ కాగితం గ్లాసే ఇస్తే గొడవ లేదు. కానీ కొందరికి గాజు గ్లాసు, కొందరికి కాగితం గ్లాసు ఇచ్చే చోట అది పాత చిప్పే. అందరికీ కాగితం గ్లాసు ఇచ్చి, బల్ల మాత్రం కొందరికే ఇచ్చినా అంతే. దళితుల్లోనూ ఒక మెట్టు ఇంకో మెట్టుని చిన్నచూపు చూస్తుంది. మాల బల్ల ఎక్కిన చోట రెల్లి బయట నిలబడితే పోరాటం సగంలోనే ఆగినట్టు.

కాల్చే హక్కు, అమ్మే హక్కు

కూచునే హక్కుతో కథ అయిపోదు. భట్టీ ఎవరిది? ఇక్కడే ప్రభుత్వ విధానం మన రొట్టెలోకి వస్తుంది. 1965లో కేంద్ర ప్రభుత్వం మోడరన్ బేకరీస్ పెట్టి పెద్ద నగరాల్లో రొట్టె తయారీ మొదలుపెట్టింది. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి ఉద్యోగాల్లో రిజర్వేషన్లు వర్తించేవి. రోజూ లక్షల ఇళ్ళకి పోయే రొట్టెని ఎస్సీ ఉద్యోగి చెయ్యి తాకే అవకాశం చట్టబద్ధంగా వుండేది. 2000 జనవరిలో దానిలో 74 శాతం వాటాని హిందుస్థాన్ లీవర్‌కి అమ్మేశారు. ప్రభుత్వ సంస్థని యాజమాన్యంతో సహా ప్రైవేటుకి అప్పగించడం దానితోనే మొదలైంది. ఆ రోజుతో ఆ భట్టీల్లో రిజర్వేషను ముగిసింది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు కావాలన్న డిమాండుని గాలిలో మాట అనేవాళ్ళకి ఈ రొట్టె చూపించాలి.

రొట్టె తయారీ చాలాకాలం చిన్న పరిశ్రమలకే కేటాయించిన సరుకుల జాబితాలో వుండేది. 2015 ఏప్రిల్‌లో చివరిగా మిగిలిన 20 సరుకుల్ని ఆ జాబితా నుంచి తీసేసినప్పుడు రొట్టె కూడా పోయింది. ఆ తరవాత ఏడాది, 2016లో, ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థ రొట్టెల్లో పొటాషియం బ్రోమేట్ వుందని బయటపెట్టింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. చెయ్యిని దాచే ప్యాకెట్టు సరుకుని కూడా దాస్తుందని అప్పుడు తెలిసింది. కళ్ళముందు పిండి తడిపి కాల్చే చిన్న హోటలుకి వున్న బలం ఇదే. అందులో ఏం వేశారో అడిగి తెలుసుకోవచ్చు.

మరి దళితుడు అలాంటి హోటలు పెట్టగలడా? అప్పు కాగితం మీద వుంది. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా లాంటి పథకాలు ఎస్సీలకి వ్యాపారం కోసం పెద్ద అప్పులే చూపించాయి. అయితే అప్పు ఇచ్చినవాడు గిరాకీ ఇవ్వడు. ఆటోకి ఎక్కేవాడు డ్రైవరు కులం అడగడు. హోటలుకి వచ్చేవాడు వంటవాడి కులం అడుగుతాడు. అందుకే మనవాళ్ళు ఆటో కొంటారు, చెప్పుల కొట్టు పెడతారు, తిండి జోలికి పోవడానికి వెనకాడతారు. పని రాక వెనకాడటం లేదు. పట్నం బేకరీల్లో రాత్రంతా భట్టీ ముందు నిలబడేవాళ్ళలో మన పిల్లలు తక్కువా? పని చేతికి వచ్చింది, బోర్డు మీద పేరు మాత్రం రాలేదు.

ఉపాధ్యాయులకి ఇది కొత్త కాదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి దళిత స్త్రీ అయితే కొన్ని వూళ్ళలో తల్లిదండ్రులు పిల్లల్ని తిననివ్వలేదు. వంటవాళ్ళ నియామకంలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె వండిన అన్నం పంక్తిలో కూచుని తిన్న పిల్లవాడు రేపు పెద్దయ్యాక మన హోటలు రొట్టె తినడానికి సంకోచించడు. బడి పంక్తికీ, హోటలు బల్లకీ వున్న చుట్టరికం ఇది.

ఏం చూడాలి, ఏం చెయ్యాలి

విద్యార్థులు తమ వూరి హోటలుకి పోయి కొన్ని సంగతులు రాసుకోవచ్చు. లోపల బల్ల మీద ఎవరు కూచుంటున్నారు, బయట గొంతుక్కూచునేది ఎవరు? గ్లాసులు ఎన్ని రకాలు, ఎవరి గ్లాసు ఎవరు కడుగుతున్నారు? చిల్లర చేతిలో పెడుతున్నారా, బల్ల మీద పడేస్తున్నారా? పిండి పిసికేది ఎవరు, వడ్డించేది ఎవరు, గల్లాపెట్టె ఎవరిది? పేట నుంచి ఆడవాళ్ళు వచ్చి కూచోగలుగుతున్నారా? ఒకే ప్రశ్న నలుగురు వేరువేరు కులాలవాళ్ళని అడగాలి. హోటలువాడు మా దగ్గర అలాంటిది లేదంటే సరిపోదు. తాగినవాడు చెప్పాలి.

తేడా కనపడితే తేదీ, వేళ, చూసినవాళ్ళ పేర్లు రాసిపెట్టాలి. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. అత్యాచారాల చట్టం కింద కేసుని డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చెయ్యాలి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ సంఘం వుంటుంది, అక్కడ ఎత్తాలి. ప్రతి నెలా 30న వూళ్ళల్లో పౌరహక్కుల దినం జరపాలన్న నియమం వుంది. ఆ రోజు అధికారులు ఉపన్యాసం చెప్పి వెళ్ళిపోకుండా, వూరి హోటల్లో అందరితో కలిసి బల్ల మీద కూచుని అదే గ్లాసులో టీ తాగమని అడగాలి. అడిగితే కాదనడానికి వాళ్ళకి నోరు రాదు.

దీనితో పాటు ఇంకో పని వుంది. పేట మనిషి భట్టీ పెడితే అక్కడ కొనాలి, అక్కడ కూచుని తినాలి, మీటింగుకి టీ, బన్ను అక్కడి నుంచే తెప్పించాలి. మూలపేట పోర్టు చుట్టూ దుకాణాలకి స్థలాలు కేటాయించేటప్పుడు తిండి దుకాణాల్లోనే ఎస్సీలకి వాటా కావాలని అడగాలి. పంక్చరు కొట్టు ఇచ్చి సరిపెట్టబోతారు. ఒప్పుకోకూడదు. తిండి అమ్మే చోటే అడగాలి, బోర్డు మీద సొంత పేరు రాయించి మరీ అడగాలి.